గుడియాత్తము బాట వైద్యురాలు: డాక్టర్ ఐడా స్కడ్డర్

మోర్ధానా కొండల నడుమనుండి వచ్చు కౌండిన్యానది గుడియాత్తము మీదుగా సాగి పాలాటిలో కలియును. మన ఊళ్లవారి రాకపోకలును ఆ నది నడకవంటివే. సంతకైనను, కచేరి పనికైనను, రోగమునకైనను ముందు గుడియాత్తము, అటుపై మన పెద్దలు రాయవేలూరని పిలుచుచు వచ్చిన వేలూరు. ఈ బాటలో నేడు బస్సులు తిరుగుచున్నవి. నూరేండ్లకు పూర్వము ఇదే బాటప్రక్క చెట్లనీడను రోగులు గుంపులుగా కూర్చుండి, వేలూరినుండి వచ్చు ఒక వైద్యురాలి కొరకు ఎదురుచూచుచుండిరి. ఆమెయే డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్. వేలూరి పెద్దాసుపత్రి పేరెరుగని ఇల్లు మన ప్రాంతమున లేదు. దానిని స్థాపించిన ఆమె కథ తెలిసినవారు మాత్రము తక్కువ. మన విద్యార్థుల కొరకు ఆ కథను ఇచట సంగ్రహముగా చెప్పుచున్నాము. ఆ కథకు మన తరగతిగదితో గల సంబంధమును చివర వివరించెదము.

ఐడా 1870వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. ఆమె తల్లిదండ్రులు అమెరికా దేశస్థులు. తండ్రి డాక్టర్ జాన్ స్కడ్డర్, తల్లి సోఫియా. అన్నలందరి తరువాత పుట్టిన ఒక్కగానొక్క ఆడుబిడ్డ యగుటచే ఆమె ఇంటికి గారాబుపట్టి. వారి వంశమునకు వైద్యము కులవిద్యవంటిది. తాతయగు మొదటి జాన్ స్కడ్డర్ 1819లో అమెరికాలో ఓడయెక్కి సింహళమునకు వచ్చి, కొన్నియేండ్ల తరువాత మద్రాసు చేరి వైద్యము చేసెను. ఆయన కొడుకులు పలువురు ఆర్కాటు సీమలో క్రైస్తవ మిషనరీలుగా పనిచేసిరి.

ఐడా బాల్యముననే ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఆ కరువులో లక్షలాది జనులు మరణించిరి. ఆకలితో చేయిచాచు పిల్లలకు రొట్టెముక్కలు పంచిన ఆ చిన్నపిల్ల మనస్సులో ఆ దృశ్యములు భయముగా నిలిచినవి. పిదప ఆమెను అమెరికాకు తీసికొనిపోయిరి. అచటి మసాచుసెట్స్ రాష్ట్రమున నార్త్‌ఫీల్డు బాలికావిద్యాలయములో చదువుకొనెను. చురుకైనది, ఆటపాటలయందు ఆసక్తి గలది. తమ వంశీయులవలె హిందూదేశమునకు పోయి ఎండలో, ధూళిలో, రోగులనడుమ జీవితము గడుపుట ఆమెకెంతమాత్రము ఇష్టము కాదు. అమెరికాలోనే సుఖముగా స్థిరపడవలెనని ఆమె కోరిక.

1890లో తల్లికి జబ్బుచేసినదని కబురు వచ్చెను. తండ్రి అప్పుడు తిండివనములో పనిచేయుచుండెను. తల్లికి సాయము చేసి, ఆమె కోలుకొనగానే తిరిగిపోవు తలంపుతో ఐడా వచ్చెను. అచట ఒక రాత్రి జరిగిన సంగతి ఆమె జీవితమునే మార్చివైచినది.

ఆ రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి తలుపు తట్టెను. చిన్నవయస్సుదగు అతని భార్య ప్రసవవేదనలో నుండెను. బిడ్డ బయటపడుట లేదు. మంత్రసాని చేతులెత్తివేసినది. ఐడా వెంటనే తండ్రిని చూపి, ఆయన గొప్ప వైద్యుడని చెప్పెను. కాని పరపురుషుడు తన యింటి స్త్రీని చూచుట ఆచారము కాదని, ఐడాయే రావలెనని అతడు వేడుకొనెను. ఆమెకు వైద్యము రాదు. అతడు నిరాశతో వెడలిపోయెను. కొంతసేపటికి ఒక ముస్లిము గృహస్థు వచ్చెను. అతని భార్యదియు అదే స్థితి, అతని మాటయు అదే మాట. అతని తరువాత అగ్రవర్ణమునకు చెందిన మరియొక హిందువు వచ్చి, అదే కోరిక కోరి, అదే జవాబు విని వెనుదిరిగెను. ఐడా ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారగానే వీధిలో శవయాత్ర చప్పుడు వినవచ్చెను. సేవకుని పంపి విచారింపగా ముగ్గురు స్త్రీలును ఆ రాత్రియే మరణించిరని తెలిసినది.

ఆ ముగ్గురి చావునకు కారణము మందు లేకపోవుట కాదు. వైద్యుడు లేకపోవుటయు కాదు. వైద్యుడు పిలుపుదూరములోనే ఉండెను. ఆచారము అడ్డుపడగా, ఆ అడ్డమును దాటి పోగల స్త్రీవైద్యురాలు ఒక్కతెయు ఆ ఊరిలో లేకపోయెను. ఐడా ఆ తెల్లవారుననే తన నిశ్చయమును తల్లిదండ్రులకు తెలిపెను. తాను అమెరికాకు పోయి వైద్యము చదివి, మరల ఈ దేశమునకే వచ్చి ఇచటి స్త్రీలకు సేవ చేయునని చెప్పినది.

ఆ కాలమున అమెరికాలో సైతము స్త్రీలకు వైద్యవిద్య సులభముగా లభించునది కాదు. ఐడా మొదట ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో చేరినది. పిదప న్యూయార్కులోని కార్నెల్ వైద్యకళాశాల స్త్రీలను చేర్చుకొనుట ప్రారంభింపగా అందుచేరి 1899లో పట్టము పొందెను. బయలుదేరుటకు ముందు వేలూరిలో స్త్రీల ఆసుపత్రి కొరకు ధనము పోగుచేయ యత్నించెను. షెల్ అను ధనికుడు, గతించిన తన భార్య పేర ఆసుపత్రి కట్టింపుడని 10,000 డాలర్లు ఇచ్చెను. ఆ సొమ్ముతో, స్నేహితురాలు ఆనీ హాంకాక్‌ను వెంటబెట్టుకొని, 1900వ సంవత్సరారంభమున ఆమె ఈ దేశము చేరెను.

తండ్రివద్ద కొంతకాలము పనినేర్చుకొనవలెనని ఆమె ఆశించినది. కాని ఆ సంవత్సరమే తండ్రి గతించెను. అనుభవము లేని పడుచు వైద్యురాలు ఒంటరిగా మిగిలెను. రోగులు వెంటనే ఆమెను నమ్మలేదు. అయినను ఆమె వెనుదీయక, వేలూరిలో తమ బంగళాయందే ఒక చిన్నగదిలో మందులిచ్చుట ప్రారంభించెను. ఒకరికి నయమైన పదిమంది వచ్చిరి. రెండేండ్లలో వేలకొలది రోగులు ఆ గదికి వచ్చిపోయిరి. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వెలసినది. ఆ పేరును మన పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో పనియున్నది.

ఆసుపత్రి కట్టి కూర్చుండిన చాలదని ఆమె త్వరలోనే గ్రహించెను. పల్లెలనుండి వచ్చువారు వ్యాధి ముదిరిన తరువాతనే వచ్చుచుండిరి. బండిబాడుగ లేనివారు, కూలిమాని రాలేనివారు, ఇల్లువదలి రాలేని స్త్రీలు అసలు రానేరాకుండిరి. కావున వైద్యమే రోగిచెంతకు పోవలెనని ఆమె నిశ్చయించి, వారమున కొకదినము గుడియాత్తమునకు పోవుట ఆరంభించినది. వేలూరికి ఇది సుమారు 35 కిలోమీటర్ల దూరము. 1909లో ఆమెకు ఒక చిన్న ఫ్రెంచి మోటారు బండి లభించినది. గుఱ్ఱము లేక, ఎద్దులు లేక, చప్పుడు చేయుచు వచ్చు ఆ బండిని చూచి మొదట జనులు పొలములలోనికి పరుగెత్తిరట. కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే బాటమీదికి పరుగెత్తి వచ్చిరి. చెట్టునీడయే ఆసుపత్రి. బండి యంచే మందులబల్ల. పుండ్లు కడిగి కట్టుకట్టుట, జ్వరములకు మందిచ్చుట, కంటికలకలకు చుక్కలు వేయుట, పెద్దరోగములున్నవారిని వేలూరికి తీసికొనిపోవుట అచట జరుగుచుండెను. బాటప్రక్క వైద్యము అను ఈ పద్ధతి ఆమె సంస్థకు ప్రాణమైనది.

తానొక్కతె ఎంతమందికని చేయగలదు? 1909లోనే నర్సుల శిక్షణాలయమును ప్రారంభించెను. తరువాత ఈ దేశపు బాలికలనే వైద్యులుగా తీర్చిదిద్దవలెనని తలపెట్టినది. ఆడపిల్లలు చదువుటకు రారని, వచ్చినను నెగ్గలేరని పెద్ద అధికారులే అనుమానించిరి. అయినను 1918 ఆగస్టు 12వ తేదీన వేలూరిలో స్త్రీల వైద్యపాఠశాల ప్రారంభమైనది. చాలినన్ని గదులు లేవు, ఉపాధ్యాయులు తక్కువ, పరికరములు ఇంకను తక్కువ. 1922లో ఆ పాఠశాలనుండి మొదటి జట్టు బాలికలు 14 మంది మద్రాసు రాజధాని పరీక్షకు కూర్చుండిరి. ఆ 14 మందియు ఉత్తీర్ణులైరి. అనుమానించిన వారికి అదియే సమాధానమైనది.

తరువాతి కాలమున ప్రభుత్వము వైద్యవిద్యకు విశ్వవిద్యాలయపు పట్టము తప్పనిసరి చేయగా పాఠశాల మూతపడు స్థితి వచ్చెను. అప్పటికి ఐడా డెబ్బదియేండ్ల వృద్ధురాలు. అయినను 1941లో మరల అమెరికాకు పోయి, యుద్ధకాలమున ఊరూర తిరిగి విరాళములు కూర్చెను. సంస్థ నిలిచి, కళాశాల యైనది. 1947నుండి పురుషులకును ప్రవేశము లభించినది. 1946లో ఐడా విశ్రాంతి తీసికొనెను. తరువాత కొలదికాలమునకే ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా వచ్చినది డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఆమె విశాఖపట్టణమున పుట్టిన తెలుగుబిడ్డ యని చెప్పుటకు మేము సంతోషించుచున్నాము. ఐడా మాత్రము కొడైకెనాలులోను వేలూరిలోను గడుపుచు, ముదిమియందును టెన్నిసు ఆడుచు, 1960వ సంవత్సరము మే నెలలో కొడైకెనాలున కన్నుమూసెను. అప్పటికామెకు 89 ఏండ్లు. ఆమె వివాహము చేసికొనలేదు.

ఇక షెల్ ఆసుపత్రి మాట. పెద్దాసుపత్రి తోటపాళయమున వెలసి పెరిగిన పిదప, తొలుతటి షెల్ ఆవరణ కంటి ఆసుపత్రిగా పేరుపొందినది. 1947లో డాక్టర్ విక్టర్ రాంబో అను అమెరికా వైద్యుడు కంటిశాఖకు అధిపతిగా వచ్చెను. ఆయన వేలూరిలో కూర్చుండలేదు. ఐడా చూపిన బాటనే పట్టి, తన బృందముతో పల్లెలకు పోయి, బడులలోను సత్రములలోను శిబిరములు పెట్టి, శుక్లములు తీసి వృద్ధులకు చూపునిచ్చెను. బాటప్రక్క వైద్యమునకు ఇది బిడ్డవంటిది.

ఈ కథను మా బడిపత్రికలో చెప్పుటకు కారణము ఇప్పుడు తెలిపెదము. తిండివనములో ఆ రాత్రి తలుపు తట్టినవారున్నారు. గుడియాత్తము బాటలో నొప్పితో నడచి వచ్చినవారున్నారు. శుక్లము కమ్మిన ముసలివాడు తనకు కానరాదని తానే చెప్పును. కాని తలుపు తట్టని కంటివ్యాధి యొకటి కలదు. దానిని వాడుకలో సోమరికన్ను, లేజీ ఐ అనియు, వైద్యులు ఆంబ్లియోపియా యనియు పిలుతురు. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలలో ఇది కలదని పలుదేశముల లెక్కలు తెలుపుచున్నవి. అనగా నలుబదిమంది యున్న తరగతిలో ఒకరుండుటకు వీలున్నది. ఆ పిల్లవానికి నొప్పి లేదు, ఎఱ్ఱదనము లేదు. ఒక కన్ను బాగుగ చూచుచుండుటచే రెండవది చూచుట లేదని అతనికే తెలియదు.

సోమరికన్ను అను పేరు సరియైనది కాదు. అందు కంటి తప్పుగాని, పిల్లవాని తప్పుగాని లేదు. చూచుట పుట్టుకతో పూర్తిగా వచ్చు విద్య కాదు. రెండు కన్నులు పంపు బొమ్మలను ఒక్కటిగా కూర్చుటను మెదడు బాల్యమున నేర్చుకొనును. ఒక కన్ను మెల్లగా ఉన్న రెండు బొమ్మలు కలియవు. అప్పుడు మెదడు చిక్కు తీర్చుకొనుటకు ఆ కంటి బొమ్మను త్రోసివేయును. ఒక కంటికి అద్దముల అవసరము ఎక్కువై, బొమ్మ మసకబారినను ఇట్లే జరుగును. పుట్టుశుక్లము ఉన్నను, రెప్ప వాలి కంటిని కప్పినను ఇంతే. మెదడు వాడుకొనని కన్ను, దున్నని చేనివలె బీడుపడును. పైకి చూచిన కన్ను చక్కగానే యుండును.

మంచికంటిని కప్పి, వెనుకబడిన కంటిచేత పని చేయింపవలెనని ఫ్రాన్సు దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు బుఫాన్ 1743లోనే సూచించెను. దాని వెనుకనున్న కారణము 1960 తరువాత వెల్లడియైనది. హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటిరెప్పను కొంతకాలము మూసియుంచి పరిశీలింపగా, మెదడులో ఆ కంటికి చెందవలసిన కణములు రెండవ కంటివశమైనట్లు తేలెను. పెద్దపిల్లులలో అట్లు జరుగలేదు. బాల్యమున కొంతకాలము మాత్రమే ఈ ద్వారము తెరచియుండునని దానివలన తెలిసినది. వారికి 1981లో నోబెల్ బహుమానము లభించెను.

చికిత్స ఖరీదైనది కాదు. మొదట కారణమును తొలగింతురు. అనగా తగిన కండ్లజోడు ఇత్తురు, శుక్లమున్న శస్త్రముచే తీయుదురు. తరువాత మంచికంటిపై దినమునకు కొన్ని గంటలు అంటుపట్టీ వేయుదురు. లేదా ఆ కంటికి అట్రోపిన్ చుక్కలు వేసి, కొంతకాలము దాని చూపును మసకచేయుదురు. 7 ఏండ్లలోపు పిల్లలలో మధ్యరకపు లోపమునకు దినమునకు 2 గంటలు కంటిని కప్పిన, 6 గంటలు కప్పినంత ఫలము కలుగునని 2003లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపెను. 7 నుండి 12 ఏండ్లవారిలోను సరియైన చికిత్సచే సగమునకు కొంచెము పైగా పిల్లలకు మేలు కలిగినదని 2005లో తేలినది. పదుమూడేండ్లు దాటినవారిలోను, అంతకుముందు చికిత్స పొందనివారికి కొంత మేలు కలుగవచ్చును. కావున హైస్కూలు పిల్లలు ఆశ వదలుకొనవలదు. అయితే ముందు గుర్తించినంత ఫలము వెనుక గుర్తించిన రాదు. పట్టీ యైనను, చుక్కలైనను కంటివైద్యుడు చెప్పినట్లే వాడవలెను. సొంతబుద్ధితో చేసిన మంచికంటికే హాని కలుగవచ్చును. మెల్లకన్నుకు శస్త్రము చేసిన కన్ను సరియగును. కాని దానివలననే చూపు రాదు. చూపు కొరకు ఈ సాధన వేరుగ చేయవలెను.

ఇక ఆచారముల మాట. ఆడపిల్లకు మెల్లకన్ను అదృష్టమని, దానిని కదలింపరాదని చెప్పు పెద్దలు ఇంకను ఉన్నారు. కండ్లజోడు పెట్టిన పెండ్లికావలసిన పిల్లకు సంబంధములు రావని వెనుకాడు తల్లులున్నారు. పట్టీ వేసికొని బడికి వచ్చిన పిల్లవానిని ఒంటికన్నువాడని ఎగతాళిచేయు తోడివిద్యార్థులున్నారు. తిండివనములో ఆ మువ్వురు భర్తలు చెడ్డవారు కారు. భార్యలయెడ ప్రేమ లేనివారును కారు. నడిరాత్రి పరుగెత్తి వచ్చి ప్రాధేయపడినవారే. అయినను ఆచారమును ఒక్క రాత్రికి ప్రక్కకు పెట్టలేకపోయిరి. మన ఇండ్లలోని ప్రేమయు అట్టిదే కాకుండవలెనన్న, బిడ్డకు కండ్లజోడు పెట్టుటకు సిగ్గుపడరాదు. అచట పోయినది ప్రాణము, ఇచట పోవునది ఒక కంటి చూపు. రెంటియందును సమయమే ముఖ్యము.

1976లో మన దేశమున ఆరంభమైన అంధత్వ నివారణ పథకమునందు తరువాతి కాలమున బడిపిల్లల కంటిపరీక్షలును, పేదపిల్లలకు ఉచితముగ కండ్లజోళ్లును చేరినవి. పరీక్షకు వచ్చినవారు ఒక్కొక్క కంటిని వేరువేరుగ చూతురు. ఆనాడు బడి మానరాదు. కనబడని అక్షరమును ప్రక్కవానిని అడిగి చెప్పరాదు. వ్రేళ్ల సందునుండి మంచికంటితో చూడరాదు.

అంతవరకును వేచియుండ నక్కరలేదు. మన పత్రిక చదువు ప్రతి విద్యార్థియు నేడే ఒక పని చేయవలెనని కోరుచున్నాము. ఎడమకంటిని అరచేతితో నొక్కక కప్పి, నల్లబల్లపై వ్రాతను కుడికంటితో చదువుడు. పిదప కుడికంటిని కప్పి ఎడమకంటితో చదువుడు. రెంటికిని భేదమున్న, వెంటనే ఉపాధ్యాయులకును ఇంటివారికిని చెప్పుడు. ఇంటికి పోయి తమ్మునికి, చెల్లెలికి ఇట్లే చేసి చూడుడు. బడికి రాని చిన్నపిల్లలు ఒక కంటిని మూయగానే ఏడ్చి, రెండవదానిని మూసినప్పుడు ఊరకున్నచో అదియు ఒక గుర్తే. అట్టివారిని కంటివైద్యునికి చూపవలెను.

ఒకనాడు వైద్యము కొరకు మన పెద్దలు బాటప్రక్క చెట్లక్రింద కూర్చుండి వేలూరి బండిచప్పుడునకు చెవియొగ్గిరి. ఆ బండిలో వచ్చిన ఆమె, రోగి వచ్చువరకు వైద్యుడు కాచుకొనియుండరాదని తన జీవితముచే నేర్పినది. తలుపు తట్టని వ్యాధి విషయమున ఆ పనిలో కొంత మన చేతులలోనే యున్నది. దానికి మోటారు బండి అక్కరలేదు. ఒక అరచేయియు, ఒక నల్లబల్లయు చాలును.